భూభౌతిక పరికరాల ఫీల్డ్ ఇంజనీర్‌గా మొదటి ఉద్యోగం: చేరవచ్చా, పని ఎలా ఉంటుంది?

మీరు ఎలక్ట్రానిక్స్‌లో ఇంజనీరింగ్ పూర్తి చేశారు. భూకంప నమోదు స్టేషన్లు, మ్యాగ్నెటోమీటర్లు (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచేవి), గ్రావిమీటర్లు (గురుత్వాకర్షణను కొలిచేవి) చూసుకునే ఫీల్డ్ ఇంజనీర్‌గా మొదటి ఆఫర్ వచ్చింది. ఇది పేరుకే ఇంజనీర్, నిజానికి టెక్నీషియన్ పనేనా? భూభౌతిక శాస్త్రం చదవకుండా నెట్టుకురాగలనా? కొన్నేళ్ల తర్వాత దీనితో ఎటు వెళ్లగలను? మీరు అడిగినవి ఈ మూడే కదా. పదిహేడేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను, అందులో మొదటి ఆరేళ్లు దాదాపు పూర్తిగా బయటే గడిచాయి. నాకు తెలిసినంత చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఆఫర్ లెటర్‌లో "పరికరాల నిర్వహణ, మరమ్మతు" అని ఉంటుంది. అది చదివి మీరు సీస్మోమీటర్ (భూమి కదలికను పట్టే సెన్సర్) విప్పి లోపల టంకం పెడుతున్నట్టు ఊహించుకుని ఉంటారు. నేనూ అలాగే ఊహించుకున్నాను. వేగమైన కదలికలతోపాటు చాలా నెమ్మదైనవాటినీ పట్టే బ్రాడ్‌బ్యాండ్ సీస్మోమీటర్ మూత నేను ఇప్పటిదాకా ఫీల్డ్‌లో ఒక్కసారి కూడా తియ్యలేదు. అది తయారీదారుల వర్క్‌షాప్‌లో, శుభ్రమైన గదిలో చేసే పని. మన చేతికొచ్చేది దాని చుట్టూ ఉన్న సంసారం: బ్యాటరీ, సోలార్ ప్యానెల్, ఛార్జ్ కంట్రోలర్, ఫ్యూజు, కేబుల్, కనెక్టర్, జీపీఎస్ యాంటెన్నా, మోడెం, గుంతలోకి దిగిన నీళ్లు. ఫిర్యాదు మాత్రం ఎప్పుడూ "సెన్సర్ పోయింది" అనే వస్తుంది. వెళ్లి చూస్తే అసలు దొంగ వేరే ఉంటాడు.

చేరిన కొత్తలో ఒక స్టేషన్‌లో ఒక ఛానెల్ ఉండీ ఉండీ పిచ్చిగా ఎగిరిపడేది. సెన్సర్ మార్చాను, దాని సిగ్నల్‌ను అంకెలుగా మార్చి నమోదు చేసే డిజిటైజర్ మార్చాను, రెండుసార్లు అంత దూరం పోయి వచ్చాను. మూడోసారి విసుగొచ్చి పూడ్చిన కేబుల్ వెంట తవ్వుకుంటూ పోతే ఒకచోట పైపు జాయింట్ విడిపోయి ఉంది, లోపల ఎలుక గూడు పెట్టుకుంది. కేబుల్ పైతొడుగు కొరికేసింది, షీల్డు తీగ బయటపడింది, మట్టి తడిసినప్పుడల్లా అది తన పని తాను చేస్తోంది. కొండను తవ్వి ఎలుకను పట్టడం అనే సామెతకు నిజమైన అర్థం నాకు ఆ రోజు తెలిసింది. అప్పటినుంచి క్రమం మార్చుకున్నాను. ముందు కరెంటు, తర్వాత కనెక్టర్లు, తర్వాత కేబుల్, తర్వాత టైమ్, అన్నిటికన్నా ఆఖర్న సెన్సర్.

కనెక్టర్ల గురించి ఇంకో మాట. గుండ్రటి మిలిటరీ తరహా కనెక్టర్లు బయటికి చాలా గట్టిగా కనిపిస్తాయి. లోపల చూస్తే ఒక పిన్ను వంగి ఉంటుంది, ఇంకోదానికి పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. పైన పటారం, లోన లొటారం. ఓ-రింగ్ మీద ఇసుక రేణువు ఒక్కటి ఉన్నా తేమ లోపలికి దారి చేసుకుంటుంది. కేబుల్ పెట్టెలోకి దూరేచోట కాస్త కిందికి వేలాడేలా వంపు పెట్టండి. వాన నీరు ఆ వంపు దగ్గర కారిపోతుంది. వంపు లేకపోతే నీళ్లు కేబుల్ వెంట నడిచి నేరుగా డిజిటైజర్‌లోకి చేరతాయి. ఇలాంటివి ఏ కోర్సులోనూ చెప్పరు.

కరెంటు దగ్గరికి వద్దాం, ఎందుకంటే మీ సమయంలో పెద్ద వాటా దానికే పోతుంది. సెన్సర్, డిజిటైజర్, మోడెం అన్నీ కలిపి 5 వాట్లు లాగుతున్నాయనుకోండి. రోజుకు 120 వాట్-అవర్లు, అంటే 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్-అవర్లు. ఐదు రోజులు ముసురు పట్టినా నిలబడాలంటే 50 కావాలి. లెడ్-యాసిడ్ బ్యాటరీని సగం కన్నా కిందికి దించితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది కాబట్టి 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీ పెట్టాలి. ఈ లెక్క పదో తరగతి పిల్లలు కూడా చేస్తారు. కానీ ఏడాదికోసారి పెరిగే చెట్టుకొమ్మ నీడ, ప్యానెల్ మీద దుమ్ము, పక్షుల రెట్టలు, ఎండకు ఉడికి సగం సామర్థ్యం పోగొట్టుకున్న పాత బ్యాటరీ ఇవేవీ లెక్కలో ఉండవు. లోడ్ లేకుండా కొలిస్తే 12.6 వోల్టులు చూపించే బ్యాటరీ, మోడెం సిగ్నల్ పంపిన క్షణంలో 11 కిందికి జారిపోవచ్చు. కాబట్టి వోల్టేజీ ఎప్పుడూ లోడ్ మీద ఉండగా, అదీ డిజిటైజర్ కనెక్టర్ దగ్గర కొలవండి. బ్యాటరీ దగ్గర బాగుండి అక్కడ తగ్గిందంటే మధ్యలో ఫ్యూజు హోల్డరో, స్క్రూ వదులైన టెర్మినలో వోల్టేజీ తినేస్తోందన్నమాట. తెల్లవారుజామున చచ్చి, పొద్దెక్కాక బతికే స్టేషన్ కనిపిస్తే గ్రాఫులు తిరగేస్తూ కూర్చోవద్దు. బ్యాటరీ పట్టుకుని బయల్దేరండి.

ఇంతవరకూ చెప్పినవన్నీ ఆగిపోయే జబ్బులు. ఆగిపోయిన స్టేషన్ గురించి నాకు పెద్ద టెన్షన్ ఉండదు, తెరమీద ఎర్రగా కనిపిస్తుంది, ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. నాకు భయం వేసేది చక్కగా పనిచేస్తూ తప్పు చెప్పే స్టేషన్ అంటేనే. నా మొదటి ఏడాది ఘనకార్యం అలాంటిదే.

పాడైన డిజిటైజర్ తీసి, స్పేర్‌గా ఉన్న దాన్ని పెట్టి వచ్చాను. డేటా వచ్చింది, అందరూ సంతోషించారు. పాత దాంట్లో గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచాలనే సెట్టింగ్) రెండింతలు పెట్టి ఉండేది, కొత్త దాంట్లో ఒకటి. ఆ సంగతి, సీరియల్ నంబర్‌తో సహా, చొక్కా జేబులో చీటీ మీద రాసుకున్నాను. చీటీ చొక్కాతోపాటు ఉతుక్కి పోయింది. రికార్డుల్లో పాత గెయినే ఉండిపోయింది. నాలుగు నెలల పాటు ఆ స్టేషన్‌లో భూమి కదలిక ఉన్నదాంట్లో సగమే ఉన్నట్టు లెక్క వచ్చింది. మాగ్నిట్యూడ్ లాగరిథమ్ కొలమానం కాబట్టి సగం అంటే 0.3 తేడా. ఒక్కో భూకంపానికీ మిగతా స్టేషన్లన్నీ ఒక సంఖ్య, మాది 0.3 తక్కువ. చివరికి డేటా చూసే సీనియర్ ఒకావిడ పట్టుకున్నారు. ఆవిడ తిట్టలేదు. "మార్చిన తేదీ, సమయం చెప్పు, సరిచేద్దాం" అన్నారు. చెప్పడానికి నా దగ్గర తేదీ కూడా సరిగ్గా లేదు. ఆ సిగ్గు ఇంకా గుర్తుంది.

అందుకే ఈ ఉద్యోగంలో పనిముట్ల పెట్టె కంటే లాగ్‌బుక్ ముఖ్యం అంటాను. ఏ కేబుల్ ఏ నిమిషానికి పీకారు, ఏది తీసి ఏది పెట్టారు, రెండింటి సీరియల్ నంబర్లు, వెళ్లినప్పుడు మాస్ పొజిషన్లు (సెన్సర్ లోపల వేలాడే బరువు మధ్య నుంచి ఎంత జరిగిందో చెప్పే రీడింగులు) ఎంత, వచ్చేటప్పుడు ఎంత, అన్నీ అక్కడికక్కడే రాయండి. సమయం యూటీసీలో (ప్రపంచమంతా వాడే ప్రామాణిక కాలం) రాయండి, డేటా ఉండేది యూటీసీలోనే. ఫొటోలు తియ్యండి, ముఖ్యంగా పని మొదలుపెట్టకముందు ఉన్న స్థితిని. రేపు రాద్దాం అనుకున్నది ఎవరూ రాయరు.

టైమ్ విషయం విడిగా చెప్పాలి. భూపటలంలో పి-తరంగం (భూకంపం నుంచి ముందుగా చేరే తరంగం) వేగం సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు. గడియారం ఒక సెకను తప్పితే ఆ స్టేషన్ లెక్కలో దూరం అంత మేర తప్పుతుంది. జీపీఎస్ లాక్ అయిందని పచ్చ లైటు వెలిగితే చాలనుకుని సామాన్లు సర్దేసేవాళ్లు చాలామంది. జీపీఎస్ కాలం యూటీసీ కంటే 2017 జనవరి నుంచి 18 సెకన్లు ముందుంది. ఆ తేడా ఎంతో రిసీవర్‌కు ఉపగ్రహం పంపే సందేశంలోనే వస్తుంది, ఆ సందేశం మొత్తం ఒక చుట్టు పూర్తికావడానికి 12.5 నిమిషాలు పడుతుంది. చాలాకాలం ఆపి ఉంచి ఆన్ చేసిన రిసీవర్ ఈలోపు తన దగ్గరున్న పాత లెక్కతోనే టైమ్ వేయవచ్చు. కాబట్టి ఆన్ చేశాక కనీసం ఇరవై నిమిషాలు అక్కడే ఉండి, టైమ్ మళ్లీ సరిచూసి రండి. పాత రిసీవర్లతో ఇంకో తంటా ఉంది. జీపీఎస్ వారాల లెక్క పది బిట్లలో ఉంటుంది, 1024 వారాలకోసారి సున్నాకు తిరుగుతుంది. 2019 ఏప్రిల్ 6 రాత్రి అలా తిరిగినప్పుడు, సాఫ్ట్‌వేర్ మార్చని కొన్ని పాత రిసీవర్లు తేదీని 1999 ఆగస్టుకు తోసేశాయి. మీకెప్పుడైనా డేటా సరిగ్గా 7168 రోజులు వెనక్కి పోయి కనిపిస్తే ఖంగారు పడకండి, కారణం ఇదే.

ఇక సెన్సర్ పెట్టడం. బ్రాడ్‌బ్యాండ్ సీస్మోమీటర్ అంటే 120 సెకన్ల పీరియడ్ (ఒక్క ఊపుకు పట్టే సమయం) ఉన్న కదలికను కూడా పట్టే వస్తువు. మనం పక్కన నిలబడి కాలు మార్చినా దానికి భూమి వంగినట్టే. రాతికి అతుక్కున్న సిమెంటు దిమ్మ మీద పెట్టి, బబుల్ మధ్యలోకి తెచ్చి, లాక్ తీసి, మాస్‌ను సెంటర్ చేసి, గాలి ఆడకుండా, ఉష్ణోగ్రత మారకుండా కప్పిపెట్టాలి. ఆ చివరి పని మీదే కొత్తవాళ్లకు శ్రద్ధ తక్కువ. నాకు మాత్రం అదే సగం పని. చుట్టూ ఇన్సులేషన్ సరిగా లేకపోతే నిలువు ఛానెల్‌లో పగలూ రాత్రీ తేడా పెద్ద అలలా కనిపిస్తుంది. ఉత్తరం గుర్తు నిజ ఉత్తరానికి పెట్టాలి, దిక్సూచి చూపేది అయస్కాంత ఉత్తరం. ఆ ప్రాంతపు డెక్లినేషన్ (ఈ రెండు ఉత్తరాల మధ్య కోణం) ఎంతో ముందే చూసుకోండి. ప్లస్ వైపు కలపాల్సిన దాన్ని మైనస్ వైపు కలిపి దోషాన్ని రెట్టింపు చేసిన ఘనులున్నారు. దిక్సూచి పక్కన బ్యాటరీ పెట్టి కొలిచినవాళ్లూ ఉన్నారు.

బయల్దేరే ముందు నేను చేసే పరీక్ష ఒకటుంది. ఎక్కడైనా సరే, సముద్రపు అలల వల్ల భూమి 5 నుంచి 8 సెకన్ల పీరియడ్‌లో ఎడతెగకుండా సన్నగా ఊగుతూ ఉంటుంది, దాన్నే మైక్రోసీసమ్ అంటారు. మంచి బ్రాడ్‌బ్యాండ్ సెన్సర్ మూడు ఛానెళ్లలోనూ అది కనిపించి తీరాలి. గీత నున్నగా, అందంగా ఉందంటే అక్కడ ప్రశాంతంగా ఉందని కాదు, సెన్సర్ లాక్‌లోనే ఉందో, మాస్ ఒక గోడకు ఆనుకుందో చూడమని. ఇంకాస్త లోతుకు వెళ్లాలనుకుంటే నాయిస్ స్పెక్ట్రం (ఏ పీరియడ్‌లో ఎంత రొద ఉందో చూపే గ్రాఫ్) గీసి, అమెరికా భూవిజ్ఞాన సర్వేకు చెందిన పీటర్సన్ 1993లో ఇచ్చిన కనిష్ఠ, గరిష్ఠ నాయిస్ రేఖల మధ్య మీ గీత ఎక్కడుందో చూడండి. కనిష్ఠ రేఖ కంటే కిందికి దిగిపోయిందా, అభినందనలు చెప్పుకోవద్దు. గెయిన్ తప్పుగా రాసి ఉంటారు, లేదా సెన్సర్ చచ్చి ఉంటుంది.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఇందులోనే వచ్చేసింది. భూభౌతిక శాస్త్రం డిగ్రీ అవసరం లేదు. కానీ ఆ పరికరం ఏం కొలుస్తుందో, దానికి ఏది పడదో తెలియాలి. ప్రోటాన్ మ్యాగ్నెటోమీటర్ తీసుకోండి. 50,000 నానోటెస్లా అయస్కాంత క్షేత్రంలో అందులోని ప్రోటాన్లు సుమారు 2,130 హెర్ట్జ్ దగ్గర తిరుగుతాయి, పరికరం కొలిచేది ఆ ఫ్రీక్వెన్సీనే. సర్వేలో ఒకటి రెండు నానోటెస్లాల తేడా కోసం తిరుగుతుంటాం. అలాంటప్పుడు మీ బెల్టు బకిల్, జేబులో ఫోను, స్టీలు ముందుభాగం ఉన్న బూట్లు అన్నీ శత్రువులే. "పరికరం పిచ్చిపిచ్చిగా చూపిస్తోంది" అని ఒక కుర్రాడు ఒకరోజంతా తల పట్టుకున్నాడు, కేబుల్ కూడా మార్చాడు. దోషం టోపీకి ఉన్న ఇనుప బొత్తాంలో ఉంది.

గ్రావిమీటర్ది ఇంకో స్వభావం. స్ప్రింగ్ ఉన్న గ్రావిమీటర్ లోపల ఎప్పుడూ ఒకే ఉష్ణోగ్రత ఉండేలా వేడి చేస్తూ ఉంచుతారు. దారిలో బ్యాటరీ అయిపోయి చల్లబడితే మళ్లీ కుదుటపడటానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు, ఆ రెండు రోజులూ బృందం అంతా మీ మొహం చూస్తూ కూర్చుంటుంది. ఎత్తు ఒక సెంటీమీటర్ మారితే రీడింగు సుమారు 3 మైక్రోగాల్ (గురుత్వాకర్షణను కొలిచే చిన్న ప్రమాణం) మారుతుంది కాబట్టి ట్రైపాడ్ ఎత్తు కొలవడం మర్చిపోతే ఆ పాయింటు పోయినట్టే. డ్రిఫ్ట్ (రీడింగు కాలంతోపాటు తనంతట తాను జరిగిపోవడం) తెలియాలంటే మొదలుపెట్టిన బేస్ స్టేషన్‌కు తిరిగొచ్చి మళ్లీ చదవాలి. ఎంత అలసిపోయినా సరే, ఆ చివరి రీడింగు వదలొద్దు.

నేలలో గుచ్చి కంపనాలు పట్టే చిన్న సెన్సర్లు, జియోఫోన్లు, ఈ కుటుంబంలో అమాయకులు. మల్టీమీటర్‌తో కాయిల్ నిరోధం చూస్తే సగం సంగతి చెప్పేస్తాయి. కాయిల్‌కు 375 ఓమ్స్ ఉన్నవి ఆరు వరుసలో కలిపి ఉంటే 2,250 దగ్గర రావాలి. రాకపోతే ఎక్కడో తీగ తెగింది లేదా కలిసిపోయింది. పోలారిటీ (ప్లస్, మైనస్ తారుమారు కాలేదా అన్నది) మాత్రం ఒక్కోదాన్నీ తట్టి చూసుకోవాలి.

మల్టీమీటర్ అన్నాను కదా, మెగ్గర్ గురించి ఒక హెచ్చరిక. కేబుల్ ఇన్సులేషన్ పరీక్షకు అది 500 వోల్టులు పంపిస్తుంది. రెండు చివరలూ విడదీశాకే వాడండి. ఒక చివర డిజిటైజర్ తగిలించి ఉండగానే మీట నొక్కిన మనిషిని నేను చూశాను. ఇన్సులేషన్ బాగానే ఉందని తేలింది, డిజిటైజరే మిగల్లేదు. నేలలోకి కరెంటు పంపి దాని నిరోధాన్ని కొలిచే రెసిస్టివిటీ సర్వేల్లో అయితే ఇది ప్రాణాల సంగతి. ఎలక్ట్రోడ్లకు కొన్ని వందల వోల్టులు వెళ్తాయి, లైను పొడుగు వల్ల చివర్లో ఎవరున్నారో కనిపించదు. అందరూ గట్టిగా జవాబు చెప్పాకే కరెంటు వదలాలి. బ్యాటరీల దగ్గర ఉంగరం, లోహపు వాచీ తీసెయ్యండి. దూరాన ఉరుము వినిపిస్తే పని సగంలో ఉన్నా వదిలేసి రండి. "ఇంకో ఐదు నిమిషాలు" అనే మాట కొండ మీద, యాంటెన్నా స్తంభం పక్కన పనికిరాదు.

ఇప్పుడు మొదటి ప్రశ్న, టెక్నీషియన్ పనేనా అని. సగం అవును. గోతులు తవ్వుతారు, సిమెంటు కలుపుతారు, పాతిక కిలోల బ్యాటరీని భుజాన వేసుకుని దారి లేని చోటికి ఎక్కుతారు. దాన్ని చిన్నతనంగా అనుకుంటే మొదటి నెలలోనే విసిగిపోతారు. మిగతా సగం నిర్ధారణ, అది పూర్తిగా ఇంజనీరింగే. ఆఫీసులో ఉండి గ్రాఫ్ చూసి, అక్కడ ఏమై ఉంటుందో మూడు కారణాలు ఊహించి, మూడింటికీ సరిపడా స్పేర్లు సర్దుకుని వెళ్లడం. ఒక్క కనెక్టర్ మర్చిపోయి రెండు రోజుల ప్రయాణం వృథా చేసుకున్నాక ఆ సర్దడం ఎంత కష్టమైన విద్యో తెలుస్తుంది.

ఇబ్బందులు దాచను. ప్రయాణాలు ఎక్కువ, తేదీలు మన చేతిలో ఉండవు. ఇంట్లో వేడుక రోజే స్టేషన్ పడిపోతుంది. పరిశోధన పత్రాల్లో మన పేరు అరుదుగా వస్తుంది, డేటా బాగున్నప్పుడు ఎవరికీ గుర్తుండం. నా పెళ్లయిన కొత్తలో ఈ తిరుగుళ్లు ఇంట్లో చాలా గొడవలకు కారణమయ్యాయి. మీ ఇంటి పరిస్థితి మీకే తెలుసు, ముందే మాట్లాడుకోండి.

ముందుకు దారులు నాకు కనిపించినవి చెబుతాను. కొందరు నెట్‌వర్క్ బాధ్యత తీసుకుని, ఎక్కడ ఏ స్టేషన్ పెట్టాలో నిర్ణయించే స్థాయికి వెళ్లారు. కొందరు పరికరాల తయారీ కంపెనీల్లో సర్వీసు, క్యాలిబ్రేషన్ విభాగాలకు మారారు; ఫీల్డ్‌లో పరికరం ఎలా చస్తుందో తెలిసినవాడి విలువ అక్కడ బాగా ఉంటుంది. డేటా నాణ్యత వైపు వెళ్లినవాళ్లకు పైథాన్ దారి చూపించింది. ఆబ్స్‌పై అనే ఉచిత లైబ్రరీ ఉంది, స్పెక్ట్రం గీయడానికి, రెస్పాన్స్ (కదలికను పరికరం ఎంతగా అంకెల్లోకి మారుస్తుందన్నది) సరిచూడటానికి అది చాలు. చేరిన మొదటి ఆరు నెలల్లో రోజుకు అరగంట దాని మీద పెట్టండి. మూడేళ్లు ఫీల్డ్‌లోనే ఉండి డేటా ముఖం చూడకపోతే మాత్రం మీరు భయపడ్డట్టే స్పానర్ దగ్గరే ఆగిపోతారు.

నా ఓటు చేరమనే. కాకపోతే సంతకం పెట్టేముందు వాళ్లను నాలుగు విషయాలు అడగండి. ఒక్కో ఇంజనీరు ఎన్ని స్టేషన్లు చూడాలి? స్పేర్ సెన్సర్లు, డిజిటైజర్లు ఉన్నాయా, లేక ఒకచోట పీకి ఇంకోచోట పెట్టడమేనా? నేను వెళ్లొచ్చిన స్టేషన్ డేటాను నేను తెరిచి చూడగలనా? మారుమూల స్టేషన్లకు ఇద్దర్ని పంపుతారా? మొదటి మూడింటికి జవాబు అటూ ఇటూగా ఉన్నా సర్దుకోవచ్చు. నాలుగోదానికి "ఒక్కరే వెళ్లాలి" అంటే, రెండో మనిషి ఖర్చు ఎందుకు పెట్టరో అక్కడే అడగండి, జవాబు నచ్చకపోతే ఇంకో ఆఫర్ చూసుకోండి.